నారిపురుగు దారి మార్చుకుందా?

మా అవ్వ ఎడమకాలి చీలమండకు కొంచెం పైన పాత రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి ఉండేది. చుట్టూ ఉన్న చర్మం కంటే తెల్లగా, నున్నగా, మధ్యలో కాస్త గుంటపడి ఉండే ఆ మచ్చ మీద వేలు పెట్టి తడమడం నాకు చిన్నప్పటి అలవాటు. "నారిపురుగు పోయిన దోవ అది" అనేది ఆవిడ. రాయలసీమలోని మా ఊరికి ఆవిడ పడుచుతనంలో ఉన్న మంచినీళ్ల ఆధారం ఒక్క దిగుడుబావి. మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి, కడవ ముంచుకుని, ఆ నీళ్లే తాగిన ఊరు అది. ఎండాకాలంలో బావి అడుగంటే కొద్దీ ఈ పీడ ఎక్కువయ్యేదట. కాలు భగ్గున మండి, బొబ్బ లేచి, అది పగిలాక తెల్లటి దారప్పోగు లాంటి పురుగు కొస బయటికి వచ్చేది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి, రోజుకు అంగుళమో రెండంగుళాలో చొప్పున, తెగకుండా ఓపికగా లాగేవాళ్లు. తెగిందంటే కాలు వాచి చీము పట్టి నెలల తరబడి మంచమే గతి. పొలం పనులు మొదలయ్యే రోజుల్లో ఇంటికొకరు ఇలా కాలు చాపుకుని కూర్చుంటే ఆ ఏడు సేద్యం ఎలా సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. అవ్వ కాలి మీద చూసిన ఆ దోవను ఇరవై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద ఒక వలయంగా గీస్తూ వచ్చాను. ఎడమవైపు మనిషి, కుడివైపు సైక్లాప్స్ అనే కంటికి ఆనీ ఆనని నీటి జీవి, రెంటి మధ్య బాణం గుర్తులు. కొన్నేళ్ల క్రితం ఇలాగే వలయం పూర్తిచేసి సుద్దముక్క కింద పెడుతుండగా ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఈ రెండూ ఉంటేనే పురుగు బతుకుతుందని అంటున్నారు కదా. మరి రెండోది దొరకక ముందు అది ఎట్లా బతికింది?" పరిణామక్రమంలో క్రమంగా అలవాటు పడిందని ఏదో చెప్పి గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను. అది జవాబు కాదని ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. అప్పటి నుంచి ఈ విషయం మీద చదివినదాన్నీ, చదివాక నాకు కుదిరిన అభిప్రాయాన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వలయం ఏమిటో చెప్పాలి. నారిపురుగు పిల్లలు, అంటే డింభకాలు, నీళ్లలో పడ్డాక సైక్లాప్స్ వాటిని మింగుతుంది. దాని ఒంట్లో సుమారు రెండు వారాలు పెరిగాక అవి మరో ప్రాణికి సోకే దశకు వస్తాయి. ఆ నీళ్లు మనిషి తాగినప్పుడు కడుపులోని ఆమ్లానికి సైక్లాప్స్ చచ్చిపోతుంది కానీ డింభకాలు చావవు. అవి పేగు గోడను తొలుచుకుని శరీరంలోకి వెళ్లి, అక్కడ పెద్దవై జతకడతాయి. మగ పురుగు చచ్చిపోతుంది. ఆడది దాదాపు ఏడాది పాటు పెరిగి, మీటరు పొడవుకు కూడా చేరి, ఎక్కువగా కాలి వైపుకు దిగి, చర్మం కింద బొబ్బ పుట్టిస్తుంది. ఆ మంటకు తాళలేక మనిషి కాలు నీళ్లలో పెట్టగానే లక్షల కొద్దీ డింభకాలను వదులుతుంది. సైక్లాప్స్ పాత్రను 1870 ప్రాంతంలో తుర్కిస్తాన్‌లో కనిపెట్టినవాడు అలెక్సీ ఫెద్చెంకో అనే రష్యా శాస్త్రవేత్త. ఆనాటి నుంచి ఈనాటి వరకు పుస్తకాలన్నిటిలోనూ ఈ వలయం దాదాపు ఇలాగే అచ్చవుతోంది.

వలయంగా గీయడంలోనే ఒక తప్పుదోవ ఉందని ఇప్పుడు నా అభిప్రాయం. వలయానికి మొదలు ఉండదు, చివర ఉండదు, బయటికి పోయే దారి ఉండదు. చూసినవాడికి అది ఎవరో ఆలోచించి అమర్చిన యంత్రంలా కనిపిస్తుంది. దానికి తోడు మనం కథ చెప్పే తీరు ఒకటి ఉంది: పురుగు "కనిపెట్టింది", "ఎత్తు వేసింది", "మనిషిని నీళ్ల దగ్గరికి నడిపించింది" అంటాం. చీమల మెదడును పట్టి గడ్డిపరక కొసకు ఎక్కించే కార్జపు జలగ (కాలేయంలో ఉండే ఒక పురుగు) గురించి అంతర్జాలంలో తిరిగే వీడియోలు చూసిన పిల్లలకు పరాన్నజీవి అంటే ఒక మాయల ఫకీరు. నేను చెప్పదలచుకున్నది దీనికి విరుద్ధం. పురుగుకు ఆశ్రయమిచ్చే ప్రాణిని ఆతిథేయి అంటాం. ఆతిథేయి నుంచి ఆతిథేయికి పోయే ఈ బాటల్లో ఎక్కువ భాగం పురుగులు వేసుకున్నవి కావు. ఎవరు ఎవరిని తింటారు, ఎవరు ఎక్కడ నీళ్లు తాగుతారు అన్న మామూలు వ్యవహారం ముందు బాట వేస్తుంది, ఆ బాటలో పడి చావకుండా మిగిలినదాని ఒళ్లు ఆ తర్వాత తరతరాలుగా దానికి సర్దుకుంటుంది.

ఆ అమ్మాయి ప్రశ్నలో ఉన్న చిక్కు నిజమైనదే. ఒక ప్రాణిలో హాయిగా పెరిగి గుడ్లు పెట్టే పురుగుకు రెండో ప్రాణి అవసరం ఎందుకు రావాలి? దీనికి నాకు నచ్చిన వివరణ 2003లో జెఫ్ పార్కర్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఇచ్చినది. వాళ్లు రెండు తోవలు చెప్పారు. మొదటిది ఆహార గొలుసులో పైకి పోయే తోవ. చేప కడుపులో పెరిగి అక్కడే గుడ్లు పెట్టే పురుగును ఊహించుకోండి. ఆ చేపను నీటికుక్క తింటుంది. చేపతో పాటు పురుగు కూడా జీర్ణమైపోతుంది. ఇది ఎప్పుడో ఒకసారి జరిగే ప్రమాదం కాదు, ప్రతిరోజూ ప్రతి ఏటిలోనూ వేల సార్లు జరిగే సంగతి. అలా తినబడినవాటిలో, నీటికుక్క కడుపులో ఒక్క పూట ఎక్కువ బతికి నాలుగు గుడ్లు ఎక్కువ పెట్టగలిగిన పురుగు ఏదైనా ఉంటే దాని సంతతి మిగతావాటి కంటే ఎక్కువవుతుంది. ఒక్క పూట రెండు పూటలవుతుంది, రెండు పూటలు నెలలవుతాయి. పైగా కొత్త ఇల్లు పాతదాని కంటే పెద్దది, ఎక్కువ కాలం బతికేది. అన్నిటికంటే ముఖ్యం, పది చేపల్లో ఒంటరిగా ఉన్న పది పురుగులను ఒక్క నీటికుక్క తన కడుపులో ఒకచోట చేరుస్తుంది, జత దొరకడం సులువవుతుంది. ఇంత లాభం ఉన్నాక చేపలోనే తొందరపడి గుడ్లు పెట్టే పురుగు కంటే, అక్కడ పెరుగుదల మీదే శ్రద్ధ పెట్టి గుడ్ల సంగతి వాయిదా వేసే పురుగుది పైచేయి అవుతుంది. ఒకప్పుడు సొంత ఇల్లయిన చేప ఇప్పుడు మధ్యలో మజిలీ అయిపోయింది. మనం దానికి మాధ్యమిక ఆతిథేయి అని పేరు పెట్టి, మొదటి నుంచీ అది మజిలీయే అయినట్టు పుస్తకాల్లో రాసుకున్నాం.

రెండోది కిందికి పోయే తోవ. పేడతో పాటు బయటపడిన గుడ్లు నేల మీద పడి ఉంటాయి. వాటిని పురుగూ పుట్రా తినేస్తాయి, తింటే గుడ్లు నాశనం. కానీ ఆ తినే కీటకం స్వయంగా పాత ఆతిథేయికి ఆహారమైతే, దాని కడుపులో చావకుండా ఆగగలిగిన గుడ్డు ఎండకు మాడకుండా, నేల మీద చెల్లాచెదురు కాకుండా, నేరుగా మళ్లీ తన ఇంటికే చేరుతుంది. నాశనం చేసేదే బండి అయి మోస్తుంది. కోళ్లలో కనిపించే బద్దెపురుగుల్లో చాలావాటికి పేడపురుగులో, చీమలో, ఈగలో మధ్యలో ఉండడం ఈ తోవకు సరిపోతుంది.

ఇంత సులువైతే ప్రతి పురుగూ నాలుగైదు మజిలీలు పెట్టుకోవాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అడ్డుపడేది లెక్క. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి చేరేది నూటికి ఒకటి అనుకుంటే, రెండు దాటేసరికి పదివేలకు ఒకటి, మూడు దాటేసరికి పది లక్షలకు ఒకటి మిగులుతుంది. ఈ నష్టాన్ని పూడ్చడానికే బద్దెపురుగు రోజూ లక్షల గుడ్లు రాలుస్తుంది, కార్జపు జలగ జాతులు నత్తలోకి దూరిన ఒక్క డింభకం నుంచి వందలు, వేలు పుట్టిస్తాయి. పూడ్చుకోలేనివి మనకు కనపడవు, అవి ఎప్పుడో అంతరించాయి. మనం చూసేది ఆ లెక్కలో గట్టెక్కినవాటినే కాబట్టి అన్నీ ఎంతో తెలివిగా అమరినట్టు అనిపిస్తుంది.

మాయల ఫకీరు కథకు కూడా ఇక్కడే ఒక మాట చెప్పి వదిలేస్తాను. షిస్టోసెఫాలస్ అనే బద్దెపురుగు ముందు సైక్లాప్స్ వంటి చిన్న నీటి జీవిలో, తర్వాత స్టికిల్‌బ్యాక్ అనే చేపలో, చివరికి పక్షిలో ఉంటుంది. నీటి జీవిలో ఉన్నప్పుడు, తాను ఇంకా చేపకు సోకే దశకు రాకముందు, అది తన ఆతిథేయిని మందకొడిగా, చేపల కంట పడకుండా ఉంచుతుంది. దశ వచ్చాక అదే జీవి చురుకై చేప నోట పడేలా మారుతుంది. వినడానికి ఇది పెద్ద పన్నాగంలా ఉంటుంది. తొందరపడి తినబడినవన్నీ చచ్చాయి, ఆలస్యంగా తినబడినవి నష్టపోయాయి, మధ్యలో సరిగ్గా పడ్డవి మిగిలాయి అనుకుంటే పన్నాగం అవసరం లేదు. చేప ఆ నీటి జీవిని తినే బాట ముందు ఉంది. ఈ హంగులన్నీ ఆ బాట పడిన తర్వాత చేరినవే.

ఇక నారిపురుగు సంగతి. మన దేశంలో దాని నిర్మూలన కార్యక్రమం 1983-84లో మొదలైంది. 1984లో దేశం మొత్తం మీద సుమారు 40 వేల కేసులు ఉండేవి, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ పీడిత రాష్ట్రాల్లో ఒకటి. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, నీళ్లను గుడ్డతో వడకట్టుకుని తాగమన్నారు, సైక్లాప్స్‌ను చంపే మందు బావుల్లో కలిపారు. వ్యాధి సోకాక నయం చేసే మందూ లేదు, టీకా లేదు, ఉన్నదల్లా బాటను కోసేయడం ఒక్కటే. 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పుర్ జిల్లాలో చివరి కేసు నమోదైంది. 2000 ఫిబ్రవరిలో భారతదేశానికి ఈ వ్యాధి నుంచి విముక్తి లభించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 1986లో ప్రపంచమంతటా 35 లక్షలుగా అంచనా వేసిన కేసులు ఈ మధ్య కొన్నేళ్లుగా ఏటా పదిహేను, అంతకు కొంచెం అటూ ఇటూగా ఉంటున్నాయి. నల్లబల్ల మీది నా వలయం నిజమని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలని నేను చాలాకాలం అనుకున్నాను. బాణం ఒకటి చెరిపారు, వలయం ఆగిపోయింది.

ఆఫ్రికాలోని చాద్ దేశంలో అది ఆగలేదు. అక్కడ పదేళ్ల పాటు ఒక్క కేసు లేకపోయి, 2010లో మళ్లీ కనపడింది. మామూలుగా ఈ వ్యాధికి ఒక నడక ఉంటుంది: ఒకే గుంట నీళ్లు తాగిన వాళ్లలో పదిమందికి కలిసి వస్తుంది, ఏడాది తిరిగాక అదే ఊళ్లో మళ్లీ వస్తుంది. చాద్‌లో అలా జరగలేదు. ఈ ఊళ్లో ఒకరికి, ఎక్కడో దూరాన ఇంకో ఊళ్లో ఒకరికి వచ్చేది. మరుసటి ఏడు ఆ ఊళ్లో ఎవరికీ వచ్చేది కాదు. ఆ తర్వాత 2012లో కుక్కల కాళ్ల నుంచి అదే పురుగు బయటికి రావడం గమనించారు. లెక్కపెట్టడం మొదలుపెట్టాక 2019 ఒక్క సంవత్సరంలోనే చాద్‌లో 1,900కు పైగా కుక్కల్లో కనిపించింది. కుక్కల్లో ఉన్నదీ మనుషుల్లో ఉన్నదీ ఒకే పురుగని జన్యు పరీక్షల్లో తేలింది. కేసులు ఎక్కువగా చారీ నది పొడవునా, చేపలు పట్టి బతికే ఊళ్లలో ఉన్నాయి. చేపలను శుభ్రం చేసి పేగులు పారేస్తారు, కుక్కలు వాటిని తింటాయి. డింభకాలున్న సైక్లాప్స్‌ను చేప మింగినా, కప్ప మింగినా, ఆ డింభకాలు అక్కడ పెరగకుండా, చావకుండా, ఊరికే ఆగి ఉండగలవు. వాటిని పచ్చిగా తిన్న కుక్కకో, సరిగ్గా ఉడకకుండా తిన్న మనిషికో సోకగలవు. ఇలా పెరుగుదల లేకుండా మోసుకుపోయే ప్రాణిని మోత ఆతిథేయి అనవచ్చు. బస్సు రాని స్టాపులో సామాన్ల మీద తల పెట్టుకుని పడుకున్న ప్రయాణికుడి స్థితి ఆ డింభకానిది.

ఈ వార్త మొదట చదివినప్పుడు నాక్కూడా పాత అలవాటే పైకొచ్చింది. మనిషి దారి మూసేస్తే పురుగు ఎంత తెలివిగా కొత్త దారి వెతుక్కుందో చూడండని తరగతిలో చెప్పాను. ఒక ఏడాది కాదు, రెండేళ్లు చెప్పాను. పాత పరిశోధనలు వెతికి చదివాక ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఎందుకంటే కుక్కలకు ఈ పురుగు సోకడం కొత్త విద్య కాదు. మనకు పొరుగునే, నాటి మైసూరు సంస్థానంలో, 1930ల్లో వి. ఎన్. మూర్తి అనే శాస్త్రవేత్త కుక్కలకు ప్రయోగపూర్వకంగా నారిపురుగు సోకించి చూపారు. చేపల, కప్పల మార్గం కూడా ఆ కుటుంబానికి కొత్తది కాదు. ఉత్తర అమెరికాలో రకూన్‌లలో, నీటికుక్కల్లో ఉండే నారిపురుగు దగ్గరి చుట్టం ఒకటి కప్పల ద్వారా చేరగలదని 1995 నాటికే ప్రయోగాల్లో తేలింది. పాముల్లో, తాబేళ్లలో ఉండే జాతులు కూడా ఇదే ప్రజాతిలో ఉన్నాయి. ఇంకొంచెం దూరపు చుట్టాలైన ఫిలోమెట్రా జాతి పురుగులు చేపల్లోనే జీవిస్తాయి, వాటి డింభకాలు నీళ్లలో పడి సైక్లాప్స్ లాంటి జీవుల్లోకి పోయి, ఆ జీవులను తిన్న చేపల్లోకి తిరిగి వస్తాయి. ఈ చుట్టరికాన్ని ఒక వరసలో పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: పూర్వం చేపకూ నీటి జీవికీ మధ్య తిరిగిన ఒక పురుగు వంశం, చేపలనూ కప్పలనూ తినే జంతువుల కడుపుల్లోకి పైతోవన ఎక్కింది. చేప, కప్ప మజిలీలుగా మిగిలాయి. ఇది నా అనుమానమే కానీ నిర్ధారణ కాదు, అయినా పార్కర్ చెప్పిన తోవకు ఇది చక్కగా అతుకుతుంది.

అలా అయితే వింత ఎక్కడుందో చూడండి. మాంసాహారి జంతువు సైక్లాప్స్‌ను పనిగట్టుకుని తినదు. అంత చిన్న జీవి దాని కడుపులోకి చేరడానికి చేపో కప్పో మధ్యలో ఉంటేనే సులువు. నేరుగా సైక్లాప్స్‌నే, అదీ బిందెల కొద్దీ, రోజూ, ఊరంతా కలిసి మింగే ప్రాణి ఏది? మెట్లు దిగి నిలవ నీళ్లు ముంచుకుని తాగే మనిషే. పైగా కాలు మండినప్పుడు అదే బావిలో దిగేవాడు కూడా అతడే. చేపను దాటేసి, తాగేదీ దిగేదీ ఒకే చోటుగా కుదించిన ఈ అడ్డదారిని నారిపురుగుకు వేసిపెట్టింది మన గుంటలూ దిగుడుబావులూ అని నా వాదం. నేను ఇరవై ఏళ్లు బల్ల మీద గీసినది అసలు బాట కాకపోవచ్చు. మనుషులు ఒకచోట స్థిరపడి, ఒకే నీటిని నమ్ముకున్నప్పుడు పడిన అడ్డదారి కావచ్చు. చాద్‌లో జరిగినది పురుగు కొత్త దారి పట్టడం కాదు. అడ్డదారిని మనం మూసేశాక, ఎప్పుడూ ఉన్న పాత బాటలో నడిచేవే మన కంటికి మిగలడం.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ప్రాచీన ఈజిప్టుకు చెందిన ఒక బాలిక మమ్మీలో సున్నపుముద్దగా మారిన నారిపురుగు దొరికింది. మనిషితో దాని సంబంధం అంత పాతది. అంత పాతదాన్ని అడ్డదారి అనవచ్చా? అనవచ్చనే నా ఉద్దేశం. వ్యవసాయం, బావులు, చెరువులు మన లెక్కలో పాతవి కానీ ఒక పురుగు వంశపు లెక్కలో నిన్నటివి. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: మన దేశంలో కుక్కలకు కొదవ లేదు, చేపలకూ కొదవ లేదు, మరి మనుషుల్లో ఆగిన పురుగు ఇక్కడ కుక్కల్లో ఎందుకు నిలవలేదు? దీనికి నా దగ్గర ఉన్న జవాబు పాక్షికం. రాయలసీమ, రాజస్థాన్ లాంటి కరువు సీమల్లో ఈ వ్యాధికి కేంద్రం బావి. బావి గట్టు మీద ఎవరూ చేపల పేగులు పారేయరు. చారీ నది ఒడ్డున కేంద్రం చేపల వేట. నీళ్లు తాగే బాటలోని పురుగులన్నీ అక్కడా ఇక్కడా ఒకే రకంగా ఆగిపోయాయి, తిండి బాట ఉన్నచోట మాత్రం మిగిలాయి. ఒకే పురుగు, ఒకే ఒళ్లు, రెండు ఊళ్లలో రెండు జీవిత చక్రాలు. బాట ముందు, ఒళ్లు తర్వాత అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఒళ్లు తర్వాత మారుతుందా అన్నది ఇంకా చూడాల్సిన సంగతి. ఏటా వేలకు వేల డింభకాల్లో కుక్కల బాటన పోయినవే మిగులుతుంటే, ఆ బాటకు కుదిరిన లక్షణాలే తరతరాలుగా పేరుకుంటాయని ప్రకృతి ఎంపిక సూత్రం చెబుతుంది.

మనిషే బాట వేసిన ఉదాహరణ ఇదొక్కటే కాదు. గొడ్డుమాంసం, పందిమాంసం ద్వారా వచ్చే బద్దెపురుగులను మనం పశువుల నుంచి తెచ్చుకున్నామని అందరూ అనుకుంటారు. 2001లో ఎరిక్ హోబర్గ్, ఆయన సహచరులు ఈ పురుగుల చుట్టరికాలు పరిశీలించి వేరే మాట చెప్పారు. ఆఫ్రికాలో మన పూర్వీకులు సింహాలూ హైనాలూ తినే జింకజాతి జంతువులనే తినడం మొదలుపెట్టినప్పుడు ఆ పురుగులు మనకు అంటుకున్నాయి. పశువులనూ పందులనూ మనం మచ్చిక చేసుకున్నది దాని తర్వాత ఎంతో కాలానికి. అంటే పంది నుంచి మనకు రాలేదు, మన నుంచే పందికి పోయింది. నింద పంది మీద, ఇంటి దొంగ మనిషి. మన పెరటి మట్టిలో మన మలం తిన్నందుకు దానికి అంటినదాన్ని మనం దాని మురికి కింద జమ కట్టాం.

ఇప్పటిదాకా మజిలీలు పెరగడం గురించే రాశాను. తగ్గడం కూడా అంతే సహజం, నాకైతే అదే ఎక్కువ ఆసక్తి. మన దేశంలో పిల్లల పేగుల్లో తరచుగా కనిపించే హైమెనోలెపిస్ నానా అనే పొట్టి బద్దెపురుగు ఉంది. దాని దగ్గరి చుట్టాలకు పిండిపురుగు లాంటి కీటకం మధ్యలో తప్పనిసరి. దీనికి మాత్రం అక్కర్లేదు. గుడ్డు చేతి నుంచి నోటికి పోతే చాలు, కీటకంలో జరగాల్సిన పెరుగుదల పిల్లవాడి పేగు గోడలోనే కానిచ్చేసుకుంటుంది. అయినా పాత బాట మూతపడలేదు, కీటకం దొరికితే దాని ద్వారా కూడా వస్తుంది. మనుషులు కిక్కిరిసి ఉండే చోట, చేతులు కడుక్కునే నీళ్లు కరువైన చోట మధ్యవర్తి అవసరం ఏముంది? న్యూజిలాండ్‌లో చేపల్లో ఉండే, కార్జపు జలగకు చుట్టమైన ఒక చిన్న పురుగు, చేప దొరికే ఆశ లేనప్పుడు, రొయ్యలాంటి తన మాధ్యమిక ఆతిథేయిలోనే పెద్దదై, తనతో తానే ఫలదీకరణం చెంది గుడ్లు పెడుతుంది. బస్సు రాదని తెలిసి స్టాపులోనే కాపురం పెట్టినట్టు.

ఏలికపాము సంగతి ఇంకా తమాషా. గుడ్డు మన పేగులో పొదిగాక డింభకం అక్కడే ఉండిపోవచ్చు కదా. ఉండదు. పేగు గోడ దాటి, రక్తంలో పడి, కార్జం మీదుగా ఊపిరితిత్తులకు పోయి, గొంతులోకి ఎక్కి, మళ్లీ మింగబడి, బయలుదేరిన చోటికే వస్తుంది. ఒకప్పుడు మధ్యలో ఉన్న ఆతిథేయి పోయినా ఆ ప్రయాణం అలవాటుగా మిగిలిందని పాత వివరణ, నేనూ అదే చెప్పేవాణ్ణి. 1995లో రీడ్, స్కోర్పింగ్ అనే ఇద్దరు, ఇలా శరీరంలో తిరిగే పురుగు జాతులు తిరగని చుట్టాల కంటే పెద్దవిగా పెరుగుతాయని చూపారు. పెద్ద ఒళ్లు అంటే ఎక్కువ గుడ్లు. మిగిలిపోయిన అలవాటు అయితే లాభం లేకుండా ఇంత కాలం నిలవదన్నది వాళ్ల వాదం. నాకు ఇందులో వాళ్ల పక్షమే బలంగా కనిపిస్తుంది, అయితే బాట మొదట ఎలా పడిందో, ఇప్పుడు ఎందుకు నిలిచిందో రెండూ వేర్వేరు ప్రశ్నలన్న సంగతి మరచిపోకూడదు.

వలయాన్ని మరీ నమ్మితే ఏమవుతుందో తెలుగు నేల మీదే జరిగిన ఒక సంగతి ఉంది. ఏనుగుకాలు వ్యాధి కలిగించే ఫైలేరియా పురుగు దోమలో పెరుగుతుందని 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. కానీ రక్తం పీల్చిన దోమ నీళ్లలో పడి చస్తుందని, ఆ నీళ్లు తాగితే మనిషికి పురుగు వస్తుందని అనుకున్నాడు. అచ్చంగా నారిపురుగు బాట. మలేరియా కూడా అలాగే వస్తుందేమోనన్న ఆ ఊహతో 1895లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్, దోమలు చచ్చిన నీళ్లను మనుషుల చేత తాగించి చూశాడు. ఫలితం తేలలేదు. అదే ఊళ్లో 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి దశను చూశాక కూడా, ఆ క్రిమి దోమ కుట్టడం ద్వారానే చేరుతుందని కలకత్తాలో పక్షుల మీద పనిచేసి తేల్చడానికి మరుసటి ఏడు దాకా పట్టింది. ఒక పురుగు నడిచిన దోవను చూసి ఇంకో పురుగు దోవను గీసేయడం అంత తెలివైనవాళ్లకే తప్పలేదు.

చాద్‌లో ఇప్పుడు చేపల పేగులను గోతిలో పూడ్చిపెట్టమంటున్నారు, పురుగు సోకిన కుక్కలను కట్టేసి ఉంచి నీళ్లలో దిగనివ్వడం లేదు, సమాచారం ఇచ్చినవాళ్లకు నగదు బహుమతి ఇస్తున్నారు. కుక్కల్లో కేసులు వందల్లోకి తగ్గాయి. ఇథియోపియాలో బబూన్ కోతుల్లో కూడా ఈ పురుగు దొరకడంతో పని మళ్లీ పెరిగింది. నిర్మూలనకు గడువును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి మార్చింది. వడకట్టే గుడ్డతో ముగుస్తుందనుకున్న పనిలో చేపలు, కుక్కలు, కోతులు వచ్చి చేరాయి.

నేను కూడా బల్ల మీది బొమ్మను మార్చాను. సైక్లాప్స్ దగ్గర బాణం ఇప్పుడు రెండుగా చీలుతుంది. ఒకటి కడవ మీదుగా మనిషికి, ఇంకొకటి చేప, కప్ప, కుక్క మీదుగా. వలయం మూసుకోకుండా ఒక పక్క తెరిచి వదిలేస్తాను. ఈ ఏడు అలా గీసి వివరించాక వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. మొదట్లో ఆ అమ్మాయి అడిగినట్టు ఏదో మంచి ప్రశ్న వస్తుందని ఆశగా చూశాను. "సార్, పరీక్షలో ఏది గీయమంటారు?" అన్నాడు. పుస్తకంలో ఉన్నదే గీయమన్నాను.